సిద్ధయ్య తిరిగొచ్చేసరికి

ఆళ్లగడ్డ నుంచి చాగలమర్రి మీదుగా దక్షిణానికి పోతే మైదుకూరు, అక్కణ్నుంచి బ్రహ్మంగారి మఠం. బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మ ఆవులు కాస్తూ, రవ్వలకొండ గుహలో కాలజ్ఞానం రాశారని చెప్పుకునే పోతులూరి వీరబ్రహ్మంగారు 1693లో జీవసమాధిలోకి వెళ్లింది అక్కడే. అప్పట్లో ఆ ఊరి పేరు కందిమల్లాయపల్లె. సీమలో ఆ కథ వినని ఇల్లు ఉండదు. ఫలానా రోజున వెళ్లిపోతున్నానని బ్రహ్మంగారు ముందే చెప్పారు. కొడుకులకూ శిష్యులకూ చెప్పవలసింది చెప్పారు. భార్య గోవిందమ్మను దగ్గర కూర్చోబెట్టుకుని, తాను పోయాక బొట్టూ గాజులూ తీయవద్దన్నారు. ఇక మిగిలింది సిద్ధయ్య. దూదేకుల ఇంట పుట్టి గురువు కోసం అన్నీ వదులుకుని వచ్చిన ఆ శిష్యుడు ఎడబాటు ఓర్చుకోలేడని, పూలు తెమ్మని బనగానపల్లెకు పంపారు. పూలతో తిరిగొచ్చేసరికి సమాధి మూసి ఉంది. సిద్ధయ్య నేల మీద పడి ఏడ్చాడు. ఆ ఏడుపు విని గురువు సమాధిలోంచి పలికి, మళ్లీ దర్శనమిచ్చి, తన దండమూ పాదుకలూ ఉంగరమూ అతని చేతికిచ్చి ఓదార్చారని కథ. ఇందులో చరిత్ర ఎంత, నమ్మకం ఎంత అన్నది ఇక్కడ నా ప్రశ్న కాదు. తరతరాలుగా ఒక సమాజం చెప్పుకుంటూ వచ్చిన కథలో ఆ సమాజం ఆలోచన దాగి ఉంటుంది. తన పోకను అంత వివరంగా ఏర్పాటు చేసుకున్న మనిషి విషయంలో కూడా ఒక కొరత మిగిలిందనీ, మూసిన సమాధిని మళ్లీ తెరిస్తే తప్ప ఆ కొరత తీరలేదనీ కథ కట్టిన జనం ఎరుగుదురు.

నా వాదనకు ఈ కథే ఆధారం. మన అంత్యక్రియలు ఎలా జరగాలో ఒంట్లో ఓపికా నోట్లో మాటా ఉండగానే ఇంట్లోవాళ్లతో మాట్లాడుకోవాలని నేను నమ్ముతున్నాను. అయితే ఆ మాటల్లోనే అంతా తేల్చేయకూడదు, వెనక మిగిలేవాళ్ల దుఃఖానికి చేయడానికి పని వదలాలి. ఇప్పుడు నంద్యాలలోనైనా ఆళ్లగడ్డలోనైనా మనం చేస్తున్నది దీనికి సరిగ్గా వ్యతిరేకం. పోయే మనిషి ఏమీ చెప్పడు, ఉన్నవాళ్లకు ఏ పనీ మిగలదు. పెళ్లికి ఏడాది ముందు నుంచి మాట్లాడుకునే ఇల్లు, చావుకు వచ్చేసరికి అన్నీ అయిదారు గంటల్లో తేల్చాల్సి వస్తుంది. ప్రాణం పోయిన అరగంటకే ఫ్రీజర్ బాక్సు ఎవరో తెప్పిస్తారు. షామియానా, కుర్చీలు, వైకుంఠ రథం, ఫోటోతో ఫ్లెక్సీ ఒక్క ఫోనుతో వచ్చేస్తాయి. పూడ్చాలా కాల్చాలా, ఇవాళా రేపా, బెంగళూరు నుంచి కొడుకు వచ్చేదాకా ఆపాలా, ఊళ్లోనా చేనులోనా అన్న ప్రశ్నలు మాత్రం ఏ ఫోనుకూ తెగవు. ఏడ్చి ఏడ్చి మాట రాని భార్యను ఎవరూ అడగరు. గొంతు పెద్దగా ఉన్న దాయాదో, ఇలాంటివి పది చూసిన పెద్దమనిషో తేలుస్తాడు. అతని మనసులో చెడు ఉండనక్కరలేదు. కానీ పోయిన మనిషిని ఎక్కువగా ఎరిగినవాళ్లు తక్కువగా మాట్లాడే సమయం అది.

పెద్దవాళ్ల విషయంలోనూ ఇదే జరుగుతుందని చెప్పడానికి నంద్యాల వాళ్లకు బాగా తెలిసిన మనిషి పి.వి. నరసింహారావు. 1991 జూన్‌లో ప్రధాని అయ్యేనాటికి ఆయన పార్లమెంటు సభ్యుడు కారు. ఆ నవంబరులో నంద్యాల ఉపఎన్నికలో నిలబడితే, తెలుగు ప్రధాని అన్న అభిమానంతో ఎన్టీఆర్ తన పార్టీ అభ్యర్థిని పెట్టలేదు. నంద్యాల ఆయన్ను 5 లక్షల 80 వేలకు పైగా మెజారిటీతో పంపింది. 2004 డిసెంబరు 23న ఆయన ఢిల్లీలో కన్నుమూశారు. అంత్యక్రియలు ఢిల్లీలోనే జరగాలని కుటుంబం కోరుకున్నట్టు జీవితచరిత్రకారుడు వినయ్ సీతాపతి రాశారు. జరిగింది హైదరాబాదులో. పార్థివదేహం ఉన్న వాహనం ఢిల్లీలోని కాంగ్రెస్ పార్టీ కేంద్ర కార్యాలయం గేటు బయటే కాసేపు ఆగి ముందుకు కదిలింది. డిసెంబరు 25న హుస్సేన్ సాగర్ ఒడ్డున ప్రభుత్వ లాంఛనాలతో దహనం జరిగింది. చితి పూర్తిగా కాలకముందే అందరూ వెళ్లిపోయారన్న దృశ్యాలు ఆ రాత్రి టీవీల్లో వచ్చి, ఏళ్ల తరబడి మానని గాయంగా మిగిలాయి. లాంఛనాలకు లోటేమీ జరగలేదు. దేశం ఇవ్వగల గౌరవమంతా కాగితం మీద ఉంది. అయినా దాన్ని తలుచుకుంటే తెలుగువాళ్ల మనసు చివుక్కుమంటుంది. కారణం రాజకీయమే అంటారు, ఒప్పుకుంటాను. కానీ రాజకీయానికి అక్కడ చోటు దొరకడానికి కారణం, మృతదేహం దగ్గర నిర్ణయాలు చేసే బలం కుటుంబం చేతిలో లేకపోవడం. విశ్వనాథ ‘వేయిపడగలు’ను ‘సహస్రఫణ్’గా హిందీలోకి తెచ్చిన మనిషి ఆయన. అలాంటి మనిషిని సాగనంపేటప్పుడు గాల్లో పేల్చే తుపాకుల కంటే, ఆ పుస్తకంలోని ఒక పేజీ ఎవరైనా గొంతెత్తి చదవడం ఎక్కువ అర్థవంతమని నేననుకుంటాను. మన ఇళ్లలో పార్టీ కార్యాలయాలు ఉండవు గానీ, పుట్టింటివాళ్లు, కులపెద్దలు, అన్నదమ్ముల పాత తగాదాలు ఉంటాయి. పని చేసే తీరు ఒకటే.

ఈ మాట ఎత్తగానే వచ్చే మొదటి అభ్యంతరం అపశకునం. శుభమా అని ఇంట్లో కూర్చుని చావు మాటలేమిటి, నోటితో అంటే తథాస్తు దేవతలు వింటారు అంటారు. ఈ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ప్రేమ ఉన్నచోటే ఆ భయం ఉంటుంది. కానీ మన పాతతరం అవ్వలు ఇంత భయపడలేదు. నా మట్టి ఖర్చులకు ఎవరి ముందూ చేయి చాపొద్దని కొంగున ముడేసి డబ్బు దాచుకున్నవాళ్లూ, తన మీద కప్పాల్సిన చీర ఇదని పెట్టె అడుగున మడతపెట్టి చూపించినవాళ్లూ ఈ నేల మీద లెక్కలేనంతమంది. బతికుండగానే తమ చేనులో సమాధి కట్టించుకుని, సాయంత్రాలు దాని అరుగు మీదే కూర్చునే రైతులు సీమలో వింత కాదు. ఇటు బ్రహ్మంగారిదీ, అటు 1671లో మంత్రాలయంలో రాఘవేంద్రస్వామిదీ ముందే చెప్పి వెళ్లిన పోకలే, వాటిని మనం అపశకునాలని కాక పుణ్యతిథులని జరుపుకుంటున్నాం. మాట్లాడకపోవడం మన సంప్రదాయం కాదు, ఈమధ్య నేర్చుకున్న అలవాటు. చావు ఇంట్లోంచి ఆసుపత్రికి మారాక ఆ మాటలకు చోటు పోయింది. నిజానికి ఆసుపత్రి గురించే ఇప్పుడు చట్టం మాట్లాడమంటోంది. కోలుకునే ఆశ లేనప్పుడు తనకు ఏ వైద్యం వద్దో ముందే రాసిపెట్టుకునే హక్కును సుప్రీంకోర్టు 2018 మార్చిలో గుర్తించింది, 2023 జనవరిలో ఆ పద్ధతిని సులువు చేసింది. ఊపిరి గొట్టం గురించి ఇంట్లో మాట్లాడుకోగలిగితే, ఆ తర్వాతి రోజు గురించి మాట్లాడుకోవడానికి మరొక్క అడుగు చాలు.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. కొత్తగా ఏర్పాటు చేసుకోవడానికి ఏముంది, పెద్దలు ఎప్పుడో అన్నీ ఏర్పరచి పెట్టారు కదా, పాడె కట్టడం నుంచి పెద్దదినం దాకా ఎవరు ఏం చేయాలో ఆచారమే చెబుతుంది కదా అని. ఇందులో చాలా నిజం ఉంది. ఆచారం గొప్పతనం, దుఃఖంలో ఉన్న మనిషికి ఏం చేయాలో ఆలోచించే భారం తగ్గించి, చేతికి పని ఇవ్వడం. దింపుడు కళ్లం చూడండి. శ్మశానానికి వెళ్లే దారిలో పాడెను కిందికి దించి, చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు. ఒకవేళ ప్రాణం ఉందేమో చూడడం దాని మూలం కావచ్చు. ఇప్పుడు దాని పని వేరు. ఆ మనిషి ఇక పలకడన్న నిజాన్ని కొడుకు తన గొంతుతో అడిగి, తన చెవులతో విని, ఒప్పుకునే చోటు అది. దానికి సాటి రాగల ఓదార్పు మాట ఏ భాషలోనూ లేదనుకుంటాను. ముస్లిం ఇళ్లలో అయినవాళ్లే గుసుల్ చేయించి, పేదకైనా గొప్పకైనా ఒకే తెల్లటి కఫన్ చుట్టి, జనాజాను భుజాలు మార్చుకుంటూ మోసి, ఖబర్‌లో తలా మూడు పిడికిళ్ల మట్టి వేస్తారు. అక్కడ ఊరికే నిలబడి చూసే మనిషి ఉండడు. నంద్యాల సీఎస్‌ఐ డయోసిస్ సంఘాల్లో భూస్థాపన వేళ పాటను అందరూ కలిసి ఎత్తుకుంటారు, శ్రుతి ఉన్నా లేకున్నా. 1912లోనే ఫ్రెంచి సామాజికవేత్త దుర్ఖైమ్, శోకమన్నది ఒంటరి మనసు వ్యవహారం కాదని, సమూహం అందరి మీదా పెట్టే బాధ్యత అని రాశాడు. మన పల్లెల్లో ఆ మాట రాయకుండానే తెలుసు. పెళ్లికి పిలిస్తేనే పోవాలి, చావుకు పిలవకున్నా పోవాలి. కాబట్టి ఆచారాన్ని తీసేయమని నేననడం లేదు. ఆచారంలోని ఈ చేతిపని మొత్తం ఫోను నంబర్ల పాలై, లాంఛనం మాత్రమే మనకు మిగులుతోందని నా దిగులు.

కానీ ఆచారమే అన్నీ చెబుతుందంటే నేను ఒప్పుకోలేని చోటు ఒకటుంది, అక్కడ కాస్త ఆగాలి. మన దగ్గర కొన్ని కులాల్లో, కొన్ని ఊళ్లలో ఇంకా పదో రోజు భార్య బొట్టు చెరిపి, గాజులు పగలగొట్టి, తాళి తీయించే తంతు జరుగుతోంది. తీసేవాళ్లూ వితంతువులే, ఏడుస్తూనే తీస్తారు. ఎవరికీ ఇష్టం లేని ఆ పనిని అందరూ కలిసి చేస్తారు, ఎందుకంటే వద్దని చెప్పే అధికారం అక్కడ ఉన్న ఎవరికీ లేదు. భార్య తనంతట తాను వద్దంటే మొండిదంటారు. కొడుకు వద్దంటే నీకేం తెలుసంటారు. ఒక్క మనిషి మాటకు మాత్రం ఎదురు చెప్పలేరు, ఆయన పడుకుని ఉన్నాడు. ఆయన బతికి ఉన్నప్పుడు పదిమందిలో ఒక్కసారి అని ఉంటే సరిపోయేది. మూడు వందల ఏళ్లకు ముందు బ్రహ్మంగారు గోవిందమ్మతో అన్నారని చెప్పే మాట సరిగ్గా అదే. ఆ కథ చెప్పుకుని మఠానికి మొక్కే మనం, అందులో అన్నిటికంటే సులువుగా ఆచరించగలిగిన మాటను వదిలేశాం. మహారాష్ట్రలో కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్ గ్రామ పంచాయతీ 2022 మేలో ఈ తంతులన్నీ మానాలని తీర్మానం చేసింది, ఆ రాష్ట్ర ప్రభుత్వం మిగతా ఊళ్లనూ అదే దారి పట్టమంది. మన పంచాయతీలు ఎప్పుడు చేస్తాయో గానీ, ఒక భర్త చేయడానికి తీర్మానం అక్కరలేదు. తలకొరివి సంగతీ ఇంతే. 2018లో వాజపేయి చితికి ఆయన పెంపుడు కూతురు నమిత నిప్పంటించింది. కూతురు పాడె మోస్తానంటే మన ఊళ్లలో ఇవాళ అడ్డుకునేవాళ్లు తగ్గారు, కానీ ముందుగా అడిగేవాళ్లు ఇంకా తక్కువ. నా కూతురు నాకు భుజం పట్టాలని తండ్రి నోటి నుంచి ఒక మాట వస్తే, ఆ రోజు ఆమె ఎవరి అనుమతీ కోరనక్కరలేదు.

చేతిపని గురించి ఇంత మాట్లాడి, మన చావుల్లో ఎవరి చేతులు పనిచేస్తున్నాయో చెప్పకపోతే అన్యాయం. తప్పెట కొట్టేది, గుంత తవ్వేది, కట్టెలు పేర్చి చివరిదాకా కావలి ఉండేది ఎక్కువగా దళితులు. ఆ పని చాలాచోట్ల కూలిగా కాక కట్టుబాటుగా వచ్చింది. వాళ్ల సొంత మనిషి పోతే పూడ్చుకోవడానికి జాగా లేక, వాగు గట్టో పోరంబోకో వెతుక్కునే ఊళ్లు ఇంకా ఉన్నాయి. మన మనిషిని గౌరవంగా సాగనంపామని చెప్పుకునేటప్పుడు ఆ గౌరవం గుంత తవ్విన మనిషికి ఎంత దక్కిందో కూడా చూసుకోవాలి. అడిగినంత కూలి, అందరితోపాటు పెద్దదినం పంక్తిలో భోజనం, ఊరి శ్మశానంలో వాళ్లకూ చోటు కావాలన్న మాట పోయేవాళ్ల నోటి నుంచి వస్తే కాదనడం కష్టం. గుంటూరు జాషువా శ్మశానం మీద రాసిన పద్యాలను హరిశ్చంద్ర నాటకంలో నటులు పాడుతుంటే, అవి నాటక కర్త బలిజేపల్లివేనని జనం అనుకునేంతగా కలిసిపోయాయి. కాటి కాపరిగా మారిన రాజు తన బిడ్డ శవానికే సుంకం అడగాల్సి రావడం చూసి సీమ పల్లెలు రాత్రంతా ఏడ్చాయి. చావుకు డబ్బు లేకపోవడం ఎంత నరకమో అంతకంటే బాగా ఎవరూ చెప్పలేదు. అయినా వేటలు కోసి వెయ్యిమందికి పెట్టకపోతే నలుగురూ ఏమంటారోనని అప్పు చేసేవాళ్లు ఆగలేదు. దుఃఖంలో ఉన్న మనిషి బేరమాడలేడు. అమెరికాలో జెస్సికా మిట్‌ఫోర్డ్ 1963లో పుస్తకం రాసి అంత్యక్రియల వ్యాపారం గుట్టు విప్పాక, ధరల పట్టిక ముందే చూపాలన్న నిబంధన 1984లో గానీ రాలేదు. మన దగ్గర అలాంటి నిబంధన లేదు. “నా దినానికి అప్పు చేయొద్దు” అన్న అవ్వ మాటే మనకున్న నిబంధన. నలుగురి నోళ్లు మూయించడానికి ఆ ఒక్క మాట చాలు.

అన్నిటికంటే బలమైన అభ్యంతరాన్ని చివరికి ఉంచాను, ఎందుకంటే అది నా వాదనలో సగాన్ని మార్చింది. అంత్యక్రియలు పోయినవాళ్ల కోసం కాదు, ఉన్నవాళ్ల కోసం. పిండం పెట్టి కాకి కోసం ఎదురుచూడడాన్ని సీమలో పుట్టిన వేమనే నిలదీశాడు. తెలియని నిద్రలో ఉన్న మనిషి తన ఇష్టాలతో ఉన్నవాళ్ల చేతులు కట్టేయడం న్యాయమా అని అడిగితే, న్యాయం కాదనే ఒప్పుకోవాలి. ఆర్భాటం వద్దు, ఎవరినీ పిలవొద్దు, మూడు గంటల్లో ముగించండి అని కఠినంగా చెప్పి వెళ్లే ఆదర్శవాదులు ఉన్నారు. వాళ్ల నిజాయితీ గొప్పది, కానీ వాళ్ల పిల్లలకు ఏడవడానికి వేళ దొరకదు. 2020లో కరోనా వచ్చి అంత్యక్రియలకు ఇరవై మందికి మించకూడదన్న నిబంధన పెట్టినప్పుడు మనకు అది అనుభవంలోకి వచ్చింది. ఖర్చు లేదు, ఆర్భాటం లేదు, విందు లేదు. సంస్కర్తలు కోరుకున్నవన్నీ ఒక్కసారే దొరికాయి. అయినా ఆ రెండేళ్లలో అయినవాళ్లను పోగొట్టుకున్న ఇళ్లలో ఆ బాధ ఇంకా తెమలలేదు. పిడికెడు మట్టి వేయలేకపోయిన చేయి ఖాళీగానే మిగిలింది. ఆళ్లగడ్డ ఇంకో రకంగా ఇదే చూపించింది. 2014 ఏప్రిల్‌లో ఎన్నికల ప్రచారం ముగించుకుని వస్తూ రోడ్డు ప్రమాదంలో అక్కడి అభ్యర్థి శోభా నాగిరెడ్డి మరణించారు. పేరు యంత్రం మీద అలాగే ఉంది, పోలింగ్ మే 7న జరిగింది. ఆ నియోజకవర్గం, లేని మనిషికి ఓటేసి గెలిపించింది. ఆ ఓట్లలో పార్టీ ఎంత, సానుభూతి ఎంత అని విడదీయలేం. కానీ అంతమంది వరుసలో నిలబడి, ఆ పేరు పక్కన వేలు పెట్టి నొక్కడంలో మట్టి వేసినట్టు ఏదో ఒకటి చేయాలన్న తపన కూడా ఉందని నేననుకుంటాను. మనసు కుదుటపడాలంటే చేయి కదలాలి. సిద్ధయ్యను పూల కోసం పంపడంలో ఉన్నది ప్రేమే, అతన్ని బాధ నుంచి తప్పించాలన్న ప్రేమ. ఆ ప్రేమే అతన్ని ఆ చివరి గడియకు దూరం చేసింది. చివరికి అతనికి ఊరట ఇచ్చింది తప్పించుకోవడం కాదు, గురువు పాదుకలు చేతుల్లోకి రావడం.

కాబట్టి మాట్లాడుకునేటప్పుడు తేల్చవలసినవి కొన్నే. అవి ఇతరులకు గొడవ మిగిల్చేవి, లేదా ఆ గంటల్లో ఎవరూ తేల్చలేనివి. మొదటిది, పూడ్చడమా కాల్చడమా, ఎక్కడ అన్నది. సొంత చేనులో సమాధి అంటే ఒకప్పుడు శాశ్వతం. ఇప్పుడు ఆ చేను ఎప్పుడు ప్లాట్లవుతుందో తెలియదు. 1977లో రాష్ట్రం మొత్తం మీద కాంగ్రెస్ గెలవని ఒకే ఒక్క స్థానం నంద్యాల నుంచి వెళ్లి రాష్ట్రపతి అయిన నీలం సంజీవరెడ్డి సమాధి బెంగళూరు కల్పల్లిలో ఉంది. ఎక్కడ ఉండాలన్నది ఎవరు వచ్చి పూలు పెట్టగలరన్న ప్రశ్న కూడా. రెండోది కళ్లు. ప్రాణం పోయిన ఆరు గంటల్లోపు తీసుకుంటేనే అవి ఇంకొకరికి చూపవుతాయి, ముందే చెప్పకపోతే ఆ ఆరు గంటలు ఏడుపులోనే గడిచిపోతాయి. దేహాన్నే చదువుకు ఇవ్వాలనుకుంటే దూరం పోనక్కరలేదు, నంద్యాలలో 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. ఆ మాట మాత్రం భార్యకూ పిల్లలకూ ముందే చెప్పి ఒప్పించాలి, చివరికి సంతకం పెట్టేది వాళ్లే. ఇక ఖర్చు ఎంతవరకు, భార్యను ఏమీ చేయొద్దన్న మాట, కూతురికి భుజం, గుంత తవ్వినవాళ్లకు కూలి. ఇవన్నీ ఒక పేజీలో సగానికి సరిపోతాయి. చదువు రానివాళ్లు మనవడి చేత రాయించి వేలిముద్ర వేయొచ్చు, లేదా పండగకు అందరూ చేరిన రోజు గట్టిగా చెప్పొచ్చు. కాగితమైతే రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం ఉన్నచోటే పెట్టాలి, ఎందుకంటే మరణం నమోదుకు ఇరవై ఒక్క రోజుల గడువు ఉంటుంది, ఎవరో ఒకరు ఆ బీరువా తెరుస్తారు.

మిగతా సగం పేజీ మాత్రం ఖాళీగా వదిలేయాలి. ఏ పాట పాడాలి, పాడె మీద ఏ పూలు వేయాలి, నాన్న చేతికర్ర ఎవరు తీసుకోవాలి, ఆళ్లగడ్డ శిల్పి దగ్గర రాతి మీద పేరు కింద ఏ మాట చెక్కించాలి, ఎవరు మొదట మట్టి వేయాలి అన్నవి అక్కడ రాయకూడదు. బంతిపూలు నాన్నకు ఇష్టమని పెద్దకూతురు అంటుంది, కాదు కనకాంబరాలని చిన్నది అంటుంది. ఆ వాదులాటలో ఇద్దరూ ఆయన గురించి అంతవరకూ చెప్పుకోని సంగతులు చెప్పుకుంటారు. బయటికెళ్లి రెండూ కొనుక్కొస్తారు. తిరిగొచ్చేసరికి నాన్న ఇంకా ఇంట్లోనే ఉండాలి.